చెంబులో మిగిలిన పానకం

అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. చూపు బాగా వస్తే మంగళగిరి పానకాల స్వామికి బిందెడు పానకం పోయిస్తానని మొక్కుకుంది. నాన్న గుడికి రాడు కాబట్టి తీసుకెళ్లాల్సింది నేనే. ఆయనకి నాస్తికవాది గోరా గారంటే ప్రాణం. విజయవాడ పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదని చూపిస్తుంటే చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని చూపించాడు. "ఉందన్నవాడే రుజువు చూపాలి" అన్న మాట వింటూనే పెరిగాను.

శనివారం పొద్దున్నే వారధి దాటి మంగళగిరిలో దిగాం. దిగువ గుడి ముందు అమ్మ తలెత్తి నిలబడిపోయింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన గాలిగోపురం అంతస్తులు వేలితో లెక్కపెట్టి "పదకొండురా" అంది. పోయినసారి వచ్చినప్పుడు ఆమెకి అదంతా ఒక మసక. నాకైతే ఆ యాత్ర అక్కడే సగం అయిపోయింది.

కొండ మీద స్వామికి పూర్తి విగ్రహం లేదు. రాతిలో తెరుచుకున్న నోరు, దానికి లోహపు ముఖం తొడిగారు. పూజారి శంఖంతో పానకం పోస్తుంటే లోపల గుటకల చప్పుడు. బిందె ఎంతదైనా సగం తాగాక ఆ చప్పుడు ఆగిపోతుందని, మిగతా సగం భక్తులకి వదిలేస్తాడని నమ్మకం. మా బిందె వంతు వచ్చింది. బాగా దాహమేసిన మనిషి తాగుతున్నట్టే ఉంది, నా ఒళ్లు జలదరించింది. కాసేపటికి పూజారి చెయ్యి ఆగింది. చప్పుడు ఆగాక చెయ్యి ఆగిందా, చెయ్యి ఆగాక చప్పుడు ఆగిందా? ఎంత గమనించినా తేల్చుకోలేకపోయాను.

అంత బెల్లం నీళ్లు ఒలికినా అక్కడ చీమ కనబడదంటారు. నేనున్న పది నిమిషాల్లో ఒక్కటీ కనబడలేదు, కానీ పది నిమిషాలు ఏం సరిపోతాయి? ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, లోపలి గంధకాన్ని చల్లార్చడానికే పానకం పోస్తారని క్యూలో ఒకాయన చెప్పాడు. అది సైన్సులా వినిపించింది గానీ, దానికీ ఆయన ఆధారం చూపలేదు.

ఇంటికొచ్చాక చెంబులో మిగిలిన పానకం అమ్మ నాన్నకిచ్చింది. మిరియాలు ఘాటుగా ఉన్నాయంటూ మొత్తం తాగేశాడు.

"సగం అయ్యేసరికి పూజారే ఆపేస్తాడు నాన్నా" అన్నాను.

"చూశావా?"

"చూడలేదు. అంతే అయ్యుంటుంది."

"మరి కొలిచావా?"

"లేదు."

"అయితే ఆ మాట అనకు. ఆయన మోసం చేస్తున్నాడని అంటున్నది నువ్వు. రుజువు నువ్వే తేవాలి."

నాకు సిగ్గేసింది. ఆ పూజారి అమ్మ చెయ్యి పట్టుకుని గడప దాటించిన మనిషి.

వచ్చే శనివారం మళ్లీ వెళ్దామా అంటే అమ్మ వెంటనే సరే అంది. ఎందుకని అడగలేదు. లీటరు గీతలున్న డబ్బా ఒకటి వంటింట్లో వెతికి, కడిగి ఆరబెట్టాను.