ఈవెంట్స్ సాధనలో పరుగు, బలం: నా అనుభవం

తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థులు ఈవెంట్స్ అనే శారీరక పరీక్షల్లో 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్ల లాంగ్ జంప్ చేయాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఈ మూడింటికీ ఒకే తరహా కష్టం చాలనుకొని, నేను రోజూ తెల్లవారుజామున ఐదారు కిలోమీటర్లు పరుగెత్తి, ఆ ఆయాసం తీరకముందే గుండు పట్టుకునేవాడిని. నెల తిరిగేసరికి పరుగు మెరుగుపడింది, గుండు మాత్రం ఐదున్నర మీటర్లు దాటలేదు. బలం చాలడం లేదనుకొని సాయంత్రం కూడా విసరడం మొదలుపెడితే, ఆ దూరం కూడా తగ్గింది.

దీనికి కారణం తెలిశాకే నా సాధన దారిలో పడింది. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు పది వారాల పాటు కొందరితో బరువులు మాత్రమే ఎత్తించి, కొందరితో ఎక్కువసేపు శ్రమించే ఓర్పు వ్యాయామాలు మాత్రమే చేయించి, మరికొందరితో రెండూ చేయించారు. రెండూ చేసినవారి బలం మొదటి ఏడు వారాలు బాగానే పెరిగి, తరువాత నిలిచిపోయి, చివరికి తగ్గింది. వారి ఓర్పుకు మాత్రం నష్టం కలగలేదు. సుదీర్ఘమైన పరుగులో కండర కణానికి శక్తి కొరత ఏర్పడినప్పుడు ఏఎంపీకే అనే ఎంజైమ్ చైతన్యవంతమై, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల పెరుగుదలకు తోడ్పడుతుందని, అదే ఎంజైమ్ కండర ప్రోటీన్ల నిర్మాణాన్ని నడిపే ఎంటార్ మార్గాన్ని అణచగలదని శాస్త్రవేత్తలు వివరిస్తారు. దానికి అలసట కూడా తోడవుతుంది. అలసిన కాళ్లు నేలను వేగంగా తన్నలేవు, గుండుకు కావలసిన ఊపు కాళ్ల నుంచే పుడుతుంది కదా!

అందుకే వారానికి మూడు రోజులే పరుగుకు కేటాయించాను. వాటిలో ఒకరోజు 400 మీటర్ల రౌండ్లను ఒక్కొక్కటి 1 నిమిషం 45 సెకన్లలోపు పూర్తిచేసి, మధ్యలో విరామం తీసుకునేవాడిని. నాలుగు రౌండ్లకు సగటున 1 నిమిషం 48 సెకన్లు పడితే గడువులోపే చేరుకుంటాం. మరో రెండు రోజులు బరువుతో స్క్వాట్స్, గెంతులు, గుండు విసరడం ఉండేవి, వీటిని తాజా కాళ్లతోనే చేసేవాడిని. ఒకే రోజు రెండూ చేయక తప్పనప్పుడు ఉదయం బలం, సాయంత్రం పరుగు పెట్టుకొని, నడుమ కనీసం ఆరు గంటల ఎడం ఉంచాను. బరువుల వల్ల పరుగు దెబ్బతింటుందన్న భయం నాకూ ఉండేది, కానీ కాళ్లు బలపడ్డాక చివరి రౌండ్‌లో అడుగు కుంగడం తగ్గింది.

అయితే అసలు పరీక్ష రోజున పరుగు ముందు వస్తుంది, గుండు తరువాత వస్తుంది. కాబట్టి చివరి నెలలో వారానికి ఒక్కసారి మాత్రం 1600 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తి, అరగంట ఆగి, లాంగ్ జంప్‌లోనూ గుండు విసరడంలోనూ మూడేసి ప్రయత్నాలు చేసి చూసుకోండి. నేను ఆ అలసటలోనే ఆరు మీటర్లు దాటిన వారం నుంచి పరుగు దూరాన్ని సగానికి తగ్గించి, గుండును తేలికగా మాత్రమే విసిరాను.