రోడ్డువైపు నిలబెట్టిన స్టీలు పులస

కాకినాడ దగ్గర ఓ అపార్ట్‌మెంట్ వెంచర్ ముందు పెద్ద స్టీలు పులస శిల్పం పెట్టారు. ప్రహరీ లోపల కాదు, రోడ్డువైపు. బడిపిల్లలు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు అందరూ తాకి చూస్తున్నారు. ఎంత సంతోషమేసిందో! స్థలం ప్రైవేటుదే, చూసే హక్కు మాత్రం ఊరందరిదీ.

వెల్డింగ్ చేసినాయనతో చాలాసేపు మాట్లాడాను. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది కదండీ, 304 గ్రేడు స్టీలైతే గోధుమరంగు మచ్చలొచ్చేస్తాయి. 316 గ్రేడులో మాలిబ్డినం అనే లోహం 2-3 శాతం ఉంటుంది, అందుకే ఎక్కువ తట్టుకుంటుంది, అదే వాడామన్నారు. అతుకులు నున్నగా పాలిష్ పట్టకపోతే ఉప్పు అక్కడే పేరుకుంటుందట. అప్పుడప్పుడూ మంచినీళ్లతో కడగాలి కూడా. ఆ ఖర్చుని బిల్డర్లు మెయింటెనెన్సు లెక్కలో ముందే రాసుకోవాలి.

చేసినవాళ్ల పేర్లతో ఒక పలక ఉండాలి. కనిపించలేదు. ఆఫీసులో అడిగాను, పెట్టిస్తామన్నారు.