కింది వాటాకు రంగులు

ఒంగోలు, సెప్టెంబరు, శనివారం

అద్దెకిచ్చే కింది వాటాకు రంగులు వేయించాలని, ముందు తూర్పు గది గోడ మీద మచ్చుకు నాలుగు రంగులు వేయించి పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూశాను. షేడ్ కార్డులో వేలెడంత ముక్కను చూసి ఇంటికంతటికీ రంగు తేల్చేయడం నాకు నచ్చదు. కార్డులో లేతగా ఉన్న పసుపు నాలుగు గోడలకూ పట్టించేసరికి ముదిరిపోతుంది. ఎదురెదురు గోడలు ఒకదాని రంగును ఒకదాని మీద పడేస్తాయి కదా. అందుకే రెండడుగుల చదరం గీసి, రెండుసార్లు రంగు వేయించి, ఆరిన తరువాతే మాట్లాడదామన్నాను. మేస్త్రిగారు విసుక్కోలేదు గానీ, "అద్దెకిచ్చే ఇంటికి ఇంత చూస్తారా అమ్మా?" అని అడిగారు.

చూస్తాను. అద్దె కట్టేవాళ్లూ ఆ గోడల మధ్యే పిల్లలను చదివిస్తారు, జ్వరమొస్తే ఆ గోడ వైపే తిరిగి పడుకుంటారు. నెలనెలా డబ్బు ఇచ్చి ఉండేవాళ్లకు మనం ఉండలేని గది ఇవ్వడం న్యాయం కాదు.

మధ్యాహ్నం హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోను చేశాడు. ముందుముందు ఇల్లు అమ్మే ఆలోచన ఉంది కాబట్టి హాల్లో ఒక గోడకు ముదురు బూడిదరంగు వేయించమంటాడు. "అక్కా, కొనేవాళ్లు ఇప్పుడు అదే అడుగుతున్నారు" అన్నాడు. వాడు చూస్తున్నవి పెద్ద గాజు కిటికీలున్న అపార్టుమెంట్లు. మా కింది వాటాకు మూడడుగుల దూరంలో పక్కింటి గోడ. మధ్య గదికి కిటికీయే లేదు. ముదురు రంగు వేస్తే పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి, ఆ కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. అలాగని అచ్చ తెలుపూ కుదరదు. వెలుగు చాలని చోట తెల్లగోడ తెల్లగా ఉండదు, పాలిపోయి నీరసంగా కనిపిస్తుంది. నాలుగు మచ్చుల్లో రవ్వంత పసుపు కలిసిన మీగడరంగు ఒక్కటే మూడు పూటలా నిలిచింది. అన్ని గదులకూ అదే. కొనేవాళ్లకైనా ఇదే మేలని నా నమ్మకం. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు తమ మంచం ఎక్కడ వేసుకోవాలి, దేవుడి పటం ఎక్కడ పెట్టుకోవాలి అని ఊహించుకోవాలి. మన అభిరుచి వాళ్లకు అడ్డం పడకూడదు.

రంగు సులువుగానే తేలింది. ఫినిష్ దగ్గరే చాలాసేపు పట్టింది. అద్దె ఇళ్లకు డిస్టెంపర్ చాలన్నారు మేస్త్రిగారు. ఖర్చు తక్కువే, కాదనను. కానీ తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే సుద్దలా చేతికొచ్చేస్తుంది. పాతవాళ్లు ఖాళీ చేసిన గదులను మరోసారి తిరిగి చూశాను. మంచం ఆనించిన చోట తల నూనె మరక, స్విచ్చు బోర్డు చుట్టూ వేళ్ల మురికి, హాల్లో మోకాలి ఎత్తున పెన్సిలు గీతలు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, మనుషులు బతికితే గోడలకు ఇవన్నీ అంటుతాయి. వాటిని కడుక్కునే వీలు లేని రంగు వేసి, వెళ్లేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టడం ఏం మర్యాద? అందుకని గోడలకు కొద్దిపాటి మెరుపుండి కడగడానికి వీలైన ఎమల్షన్, సీలింగుకు మాత్రం మెరుపు లేని తెలుపు. మెరుపు మరీ ఎక్కువైతే పాత గోడల ఎగుడుదిగుళ్లన్నీ లైటు వెలుగులో బయటపడతాయి. మెరుపు లేని మాట్ ఆ లోపాలను దాస్తుంది కాని మరకను వదలదు. మధ్యస్థమే మా ఇంటికి సరి. పది అడుగుల ఎత్తున్న పన్నెండుకు పది గదికి, తలుపులూ కిటికీలూ తీసేస్తే, రెండుసార్లు వేయడానికి ఆరేడు లీటర్లు పడుతుందని లెక్క వేశాం.

అసలు శత్రువు ఉప్పు. గోడ అడుగున లప్పం పొంగి, పొడి రాలుతోంది. నేల చెమ్మ పైకి పాకి, గోడలోని లవణాలను వెంట తెచ్చి, ఆరినచోట తెల్లగా తేలుస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. మూడడుగుల ఎత్తు వరకు పాత ప్లాస్టరింగు కొట్టించి, బాగా ఆరనిచ్చి, మళ్లీ పూత పూయించి, అదీ ఆరాకే తెల్లసిమెంటు పుట్టీ పెట్టించాలి. మా జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచే వస్తాయి. బయటి గోడల పని ఆలోపు కావాలి. కొత్తపట్నం వైపు నుంచి వీచే సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు పడుతున్నాయి. వాటికి ముందు తుప్పును ఆపే రెడాక్సైడు, ఆ తరువాతే ఎనామిల్ రంగు.

తలుపుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాను, పొడిగా రుద్దొద్దని. ఇంటి రంగుల్లో సీసం మిలియనుకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులో. ఈ తలుపుల మీది పొరలు అంతకు ముందువి. వాటిలో సీసం ఎక్కువ ఉండొచ్చు, పొడిగా రుద్దితే లేచే ఆ దుమ్ము పిల్లలకు విషం. వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో, తడిపి రుద్దాలి, పనివాళ్లు మాస్కు కట్టుకోవాలి.

వంటింటి గట్టుకు చీమకుర్తి నల్లరాయి. పక్కనే దొరికే రాయిని వదిలి ఎక్కడినుంచో తెచ్చిన తెల్లరాయి వేయడం నాకు అర్థం కాదు. పసుపు, చింతపండు పులుసు ఒలికినా ఈ రాయి చెక్కుచెదరదు; పాలరాయి అయితే పులుపుకు మెరుపు పోగొట్టుకుంటుంది. (అందరూ గ్రానైటు అంటాం గాని భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో అనే మరో రకం రాయి. అందులో మెరిసే ఇత్తడి రంగు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి.) సింకు చుట్టూ మాత్రం బోరు నీటి చుక్కలు తెల్లగా కనిపిస్తాయి, తుడుచుకుంటూ ఉండాలి. స్నానాల గదికి కాలు జారని గరుకు టైల్సు, సందుల్లో బూడిదరంగు గ్రౌటు.

సోమవారం నుంచి గోకుడు పని. రంగు కంపెనీ, షేడ్ నంబరు, ఫినిష్ పేరు మీటరు పెట్టె తలుపు లోపలివైపు రాయించాలి. మిగిలిన రంగులో ఒక లీటరు డబ్బా మూత బిగించి, అద్దెకు వచ్చేవాళ్లకే ఇస్తాను. పటాలు తగిలించుకోవడానికి మేకులు కొడతారు, కొట్టుకోనీ. వెళ్లేటప్పుడు గుంటలు పూడ్చి ఆ రంగే పూసుకుంటే సరిపోతుంది.