రేచుకుక్కల లెక్క ఒరాంగుటాన్‌కి కుదరదు

విశాఖలో కంబాలకొండ అడవిని ఆనుకుని ఉన్న మన ఇందిరాగాంధీ జూలో రేచుకుక్కల్ని, అంటే అడవికుక్కల్ని, చాన్నాళ్లుగా పెంచుతున్నారు. దేశంలో ఆ జంతువు సంతానోత్పత్తి కార్యక్రమానికి సమన్వయ జూ విశాఖదే. అది చూసినవాళ్లు, బోర్నియో, సుమత్రా దీవుల అడవుల్లో చెట్ల మీద బతికే పెద్ద కోతి ఒరాంగుటాన్‌ని కూడా ఇలాగే జూల్లో పెంచి అడవిలో వదలొచ్చుగా అని అడుగుతుంటారు. అడగడం సబబే, కానీ కాన్పుల లెక్క దగ్గరే వ్యవహారం తేలిపోతుంది.

రేచుకుక్క రెండు నెలలు మోసి, ఒక్క కాన్పులో ఐదారు పిల్లల్ని పెడుతుంది. ఆడ ఒరాంగుటాన్‌కి తొలి కాన్పు అయ్యేసరికే పదిహేనేళ్లు అటూ ఇటూ అవుతుంది. ఎనిమిదిన్నర నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది. ఆ పిల్ల తన బతుకు తాను చూసుకునేదాకా, అంటే ఏడెనిమిదేళ్లు, అడవిలో మరో కాన్పు ఉండదు. జీవితం మొత్తం మీద నాలుగైదు పిల్లలు. అందుకే వంద ఆడవాటిలో ఏటా ఒకదాన్ని మనుషులు చంపినా ఆ గుంపు క్రమంగా తరిగిపోతుందని లెక్క కట్టారు. పెంపకానికి పిల్లని పట్టాలంటే ముందు తల్లిని చంపాలి. దొంగరవాణాలో దొరికే ప్రతి పిల్ల వెనకా పోయిన తల్లిని కూడా లెక్కేసుకోవాలి.

జూలో తిండికి లోటుండదు కాబట్టి కాన్పులు కాస్త దగ్గరపడతాయి. చిక్కులు వేరే ఉన్నాయి. బోర్నియో, సుమత్రా ఒరాంగుటాన్లు వేర్వేరు జాతులన్న పట్టింపు లేని రోజుల్లో జూలు రెంటినీ జత కట్టించాయి. ఆ సంకర సంతానం అడవిలో వదలడానికి పనికిరాదు. రెండో క్రోమోజోమ్ అమరికలో ఈ రెండు జాతులకీ తేడా ఉంది, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. ఇప్పుడు ప్రతి జంతువు వంశావళీ పుస్తకంలో రాసి, జత కలపకూడని ఆడవాటికి ఆడవాళ్లు వాడే గర్భనిరోధక మాత్రలే ఇస్తారు.

పెంపకంలో జనం పట్టించుకోని విషయాలే ప్రాణం మీదికి తెస్తాయి. జూ ఆవరణ చుట్టూ నీటి కందకం అందంగానే ఉంటుంది, కానీ ఒరాంగుటాన్‌కి ఈత రాదు. కందకాల్లో పడి చచ్చిపోయినవి ఉన్నాయి. మనం తినే అరటి, మామిడి అడవి పండ్ల కన్నా బాగా తీపి. అవే మేపితే ఒళ్లు పెరిగి మధుమేహం వస్తుంది. అందుకే ఆకులు, కూరగాయలే ఎక్కువ పెట్టాలి. రోజూ పచ్చికొమ్మలు, గోనెసంచులు ఇస్తే రాత్రికి గూడు అల్లుకుంటుంది.

అన్నిటికన్నా మొండి జబ్బు గొంతు కింది గాలిసంచిది. మామూలు జలుబుతో మొదలవుతుంది. ముక్కులోని చీము లోపలికి జారి ఆ సంచిలో నిలవ ఉండిపోతుంది. నోరు కంపు కొట్టడం, దగ్గు, మెడ కింద వాపు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ముదిరితే మందులకి లొంగదు, కోసి చీము తీయాల్సిందే. ఆ జలుబు చాలాసార్లు మనుషుల నుంచే అంటుతుంది. కాబట్టి జలుబున్న సిబ్బందిని దగ్గరికి రానివ్వకూడదు.

సీసాపాలతో పెరిగిన ఆడది తల్లయితే పిల్లని రొమ్ముకి ఎలా పట్టుకోవాలో దానికి తెలియదు. కడుపుతో ఉన్నప్పుడే మెత్తటి బొమ్మనిచ్చి, ఛాతీకి హత్తుకోవడం, కటకటాల దగ్గరికి తేవడం నేర్పిస్తారు. తీరా పాలు చాలకపోతే తల్లి ఒళ్లో ఉండగానే పిల్లకి సీసా అందించొచ్చు. పిల్లని వేరు చేస్తే అదే కథ మళ్లీ మొదలు.

మనకి దగ్గర్లోని భువనేశ్వర్ నందన్‌కానన్‌లో బిన్నీ అనే ఆడ ఒరాంగుటాన్ 2019లో చనిపోయింది. దేశంలో ఉన్న ఒక్కగానొక్కటీ పోయిందని అప్పుడు పత్రికలు రాశాయి. జత లేని ఒంటరి జంతువుతో ఏ కార్యక్రమమూ నడవదు.

అడవిలోకి తిరిగి వెళ్లేవి దాదాపు అన్నీ జూలో పుట్టినవి కావు, అనాథ పిల్లలు. వాటిని ముందు విడిగా ఉంచి క్షయ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. తర్వాత అడవి బడి. ఏ చెట్టు ఏ కాలంలో కాస్తుంది, బెరడు ఎలా ఒలవాలి, గూడు ఎలా కట్టాలి అన్నవి తల్లి ఏడెనిమిదేళ్లలో నేర్పే పాఠాలు. మనుషులు నేర్పినా దాదాపు అంతే కాలం పడుతుంది. చివర్లో నది మధ్య దీవిలో కొన్నాళ్లు ఉంచి, చర్మం కింద చిన్న రేడియో పరికరం పెట్టి వదులుతారు. మనిషిని చూసి నేల మీదికి దిగి వచ్చేదాన్ని వదలకూడదు. అది ఊళ్ల మీదికి వస్తుంది, దెబ్బలు తింటుంది. రోగాలు పాకే భయం ఉంది కాబట్టి, అప్పటికే ఒరాంగుటాన్లున్న అడవిలోకి వీటిని పంపరు. అలాంటి ఖాళీ అడవి దొరకడమే కష్టం.

కాబట్టి డబ్బు ముందు అడవికే వెళ్లాలన్నది నా పక్షం. 2017లో కొత్త జాతిగా గుర్తించిన తపానులి ఒరాంగుటాన్లు సుమత్రాలోని బతాంగ్ తోరులో ఎనిమిది వందల లోపే మిగిలాయి. బోర్నియోలో 1999, 2015 మధ్య లక్షకి పైగా పోయాయని అంచనా. అక్కడి బురద అడవుల్లో కాలువలు తవ్వి నీళ్లు తోడేస్తే కింద కుళ్లిన ఆకులు, కొమ్మలు పేరుకుని ఏర్పడిన పీట్ నేల ఎండి, ఒకసారి నిప్పంటుకుంటే వారాల తరబడి లోలోపల కాలుతుంది. విరుగుడు తేలికే: దుంగలు పాతి, మట్టి బస్తాలతో కాలువలకి అడ్డుకట్టలు వేస్తారు. నీటిమట్టం నేలకి 40 సెంటీమీటర్ల కన్నా కిందికి జారకూడదని ఇండోనేషియా నిబంధన. ఒకే పెద్ద కట్ట వేస్తే వానాకాలంలో ఒరుసుకుని తెగిపోతుంది, అంచెలంచెలుగా వేయాలి.

పామాయిల్ మాట వస్తే మన ఏలూరు వైపు తోటలు కూడా పాపం మోస్తాయి, అనవసరంగా. అవి సాగు భూముల్లో వేసినవి. పేచీ ఒరాంగుటాన్లుండే అడవి నరికి వేసిన తోటలతో.

బోర్నియోలోని మలేషియా రాష్ట్రం సబాలో కినబతంగాన్ నది దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. వాగుల ఒడ్డున పెద్ద చెట్లు కొట్టేయడంతో ఒరాంగుటాన్లు ఇటునుంచి అటు దాటలేక చిన్న చిన్న అడవి ముక్కల్లో ఇరుక్కుపోయాయి. అక్కడ ఒరాంగుటాన్ల రక్షణకి పనిచేసే హుటాన్ సంస్థవాళ్లు పాత అగ్నిమాపక గొట్టాలతో తాళ్ల వంతెనలు అల్లి కట్టారు. ఒరాంగుటాన్లు వాటిని వెంటనే నమ్మలేదు, ఏళ్లు పట్టింది. 2010లో గానీ ఒకటి దాటుతుండగా ఫోటోకి దొరకలేదు. ఒడ్డున నాటిన చెట్లు ఎదిగి కొమ్మలు కలిసేదాకా ఆ వంతెనలే దారి.