నా లాప్‌టాప్‌లో నడుస్తోంది, సర్వర్‌లో చచ్చింది

మొన్న శుక్రవారం సాయంత్రం (అవును, శుక్రవారమే, తిట్టకండి) గో అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రాసిన మా చిన్న వెబ్ యాప్‌ని సర్వర్‌లో పెట్టి స్టార్ట్ చేస్తే ఒక్క లైన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది, జీలిబ్‌సీ (లినక్స్‌లో చాలా ప్రోగ్రామ్‌లు వాడే బేసిక్ సీ లైబ్రరీ) 2.34 దొరకలేదు అని. కోడ్‌లో మార్చింది రెండు లైన్లు, దానికీ దీనికీ ఏంటి సంబంధం అని గంటసేపు బుర్ర గోక్కున్నా.

తీరా చూస్తే, గత వారం నా లాప్‌టాప్‌ని ఉబుంటు లినక్స్ 22.04కి మార్చా, అందులో జీలిబ్‌సీ 2.35, సర్వర్ ఇంకా 20.04 మీదే ఉంది, అక్కడ 2.31. పాతదాంట్లో బిల్డ్ చేసింది కొత్తదాంట్లో నడుస్తుంది గానీ ఇటు నుంచి అటు నడవదు. మరి అడిగింది 2.35 కాకుండా 2.34 ఎందుకంటే, 2021లో వచ్చిన ఆ వెర్షన్‌లోనే విడిగా ఉండే పీథ్రెడ్ లైబ్రరీని (ఒకేసారి చాలా పనులు నడిపే థ్రెడ్ల కోసం వాడేది) జీలిబ్‌సీ మెయిన్ ఫైల్ లిబ్‌సీలో కలిపేశారు, దాంతో థ్రెడ్ ఫంక్షన్లకి కొత్త వెర్షన్ ముద్ర పడింది. మన ప్రోగ్రామ్ వాడింది పాత ఫంక్షనే అయినా సరే!

ఫోరమ్‌లో ఎవరో సర్వర్‌లో జీలిబ్‌సీనే అప్‌గ్రేడ్ చేసేయమన్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఎల్‌ఎస్ (ఫైళ్ళ లిస్ట్ చూపే కమాండ్) దగ్గర్నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) దాకా అన్నీ దాని మీదే ఆధారపడతాయి, తేడా కొడితే లాగిన్ కూడా అవ్వలేం.

నేనైతే సీగో (గో ప్రోగ్రామ్‌లో సీ కోడ్ వాడుకోనిచ్చే సదుపాయం) ఆపేసి మళ్ళీ బిల్డ్ చేశా, మా కోడ్ నేరుగా సీ లైబ్రరీలు ఏవీ వాడట్లేదు కాబట్టి సరిపోయింది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లాంటివి సీగోతో వాడేవాళ్ళు మాత్రం ఉబుంటు 20.04 డాకర్ ఇమేజ్‌లో (అంటే మీ లాప్‌టాప్‌లోనే విడిగా నడిచే పాత ఉబుంటు వాతావరణంలో) బిల్డ్ చేసుకోండి. రాత్రి తొమ్మిదింటికి సైట్ లేచింది, భోజనం మాత్రం చల్లారిపోయింది.