నల్ల గోళీ, అరిగిన అక్షరాలు

యూనివర్సిటీ వాళ్లు వేసవిలో పెట్టిన చిన్న కోర్సులో పాత శాసనాలను నమోదు చేయడానికి త్రీడీ స్కానింగ్, ఫొటోగ్రామెట్రీ (చాలా ఫొటోలు కలిపి త్రీడీ రూపం తయారుచేయడం) లాంటివి చాలా చెప్పారు. నా మనసు మాత్రం రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్ అనే, వెలుగు కోణాలు మార్చి ఫొటోలు తీసే పద్ధతి దగ్గరే ఆగిపోయింది.

అరిగిన శాసనం ముందు కెమెరాను కదలకుండా బిగిస్తాం. ఫ్రేములో నిగనిగలాడే నల్ల గోళీ ఒకటి పెడతాం. ఫ్లాష్‌ను రాయికి ఒకే దూరంలో చుట్టూ తిప్పుతూ, ఒక్కో కోణం నుంచి ఒక్కో ఫొటో తీస్తాం. గోళీ మీద మెరుపును బట్టి వెలుగు ఏ దిక్కు నుంచి పడిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఆ తర్వాత కంప్యూటర్లో మౌసుతో వెలుతురును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఏటవాలుగా వాల్చగానే, నున్నగా ఉందనుకున్న చోట తలకట్లు, గుడులు లేచి నిలబడ్డాయి. ఒళ్లు జలదరించింది నాకు!

తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి తీసే అచ్చుల విలువ తక్కువేం కాదు. ఇన్నాళ్లూ శాసనాలు చదివింది ఎక్కువగా వాటితోనే. కానీ పెళుసుబారిన రాయిని ముట్టుకోకుండానే చదవగలగడం పెద్ద సంగతి. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించిన శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. మన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. ఇలాంటివి ఎండకీ వానకీ ఇంకా అరగకముందే ఇలా ఫొటోల్లో దాచుకోవాలి.

ఫైలు పక్కన ఊరు, రాయి ఉన్న చోటు, తేదీ కూడా రాసిపెట్టాలి. లేకపోతే పదేళ్లకు అది ఎక్కడిదో తెలియని బొమ్మ. మా ఊరి చెరువుగట్టు మీది శాసనంతో నేను మొదలుపెడుతున్నాను. ట్రైపాడ్ ఉన్నవాళ్లెవరైనా తోడొస్తే సంతోషం.