కాఫీ చల్లారేదాకా

పొగలు కక్కుతున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ అత్తయ్య, "బుగ్గల మీద ఆ పొక్కులేంటమ్మా? కాస్త శెనగపిండిలో నిమ్మరసం కలిపి రాయనా?" అంది.

"వద్దత్తయ్యా, ప్లీజ్!" దాదాపు అరిచేశాను. పోయినసారి ఆ నిమ్మరసానికే రెండు రోజులు ముఖం మండిపోయింది.

నాది రొసేషియా, అంటే ముఖం ఎర్రబడి, మండుతూ, పొక్కులొచ్చే చర్మ సమస్య. మన చామనఛాయ మీద ఎరుపు అంతగా కనపడదు, మంట మాత్రం మనకి తెలుస్తూనే ఉంటుంది. మొటిమలనుకుని స్క్రబ్‌లతో రుద్దుతూ ఏడాది గడిపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, డాక్టర్ రాసిన క్రీమ్. అంతే.

తిండి సంగతి ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. రోజూ ఏం తిన్నానో నోట్‌బుక్‌లో రాసుకుంటే నాకు పడనివి దొరికాయి. ఆవకాయ తిన్న గంటకే బుగ్గలు సెగలు కక్కుతాయి. పెరుగన్నం, సొరకాయ పప్పు హాయిగా పడతాయి.

కాఫీతో పేచీ లేదు, దాని వేడితోనే. గ్లాసు కిటికీ దగ్గర పెట్టి పావుగంట ఆగాను. అత్తయ్య ఏమీ అనలేదు. తన గ్లాసు కూడా తెచ్చి పక్కనే పెట్టి కూర్చుంది.